అంకెలుగా మిగిలినవాళ్లు: ఇరాక్ దండయాత్ర, కారణాలు, పర్యవసానాలు

పోటీ పరీక్షలకు చదువుతున్న మన పిల్లల్ని ఇరాక్ యుద్ధం గురించి అడిగితే ఒక్క బిట్టులో తేల్చేస్తారు. "ఇరాక్‌పై అమెరికా దాడి చేసిన సంవత్సరం? 2003." జవాబు సరైనదే, మార్కూ వస్తుంది. కానీ ఎవరు ఎవరి మీద ఎందుకు దాడి చేశారో, దాని ఫలితం ఎవరు అనుభవించారో ఆ బిట్టు చెప్పదు.

ఆశ్రమ పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పే మన ఉపాధ్యాయ మిత్రులు కొందరు మమ్మల్ని ఇలా అడిగారు: "మన చరిత్రే పుస్తకాల్లో సరిగ్గా లేదు. ఎక్కడో అరబ్బు దేశంలో జరిగిన యుద్ధం మన పిల్లలకెందుకు?" ఇది న్యాయమైన ప్రశ్నే. మన చరిత్ర పుస్తకాల్లో ఎందుకు లేదంటే, బలమున్నవాళ్లు రాసిన కాగితమే ఎప్పుడూ చరిత్రగా నిలిచింది కనుక. ఆ కాగితాన్ని నమ్మాలా, ప్రశ్నించాలా, ప్రశ్నిస్తే ఎలా ప్రశ్నించాలి అన్నది మనకు అవసరమైన చదువు. అందుకు ఇరాక్‌ను మించిన పాఠం దొరకదు. ఎందుకంటే ఆ యుద్ధానికి చెప్పిన ముఖ్య కారణం తప్పని తేల్చినవాళ్లలో దాడి చేసిన దేశాల సొంత విచారణ సంఘాలే ఉన్నాయి.

రెండు నదుల నేల

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య నేలనే పాత పుస్తకాలు మెసపొటేమియా అన్నాయి. 5 వేల ఏళ్ల క్రితం మనుషులు మట్టి పలకల మీద రాత నేర్చుకున్న చోటు అది. ఇరాక్ అనే దేశం మాత్రం మొన్నటిది. మొదటి ప్రపంచ యుద్ధం వరకు అది టర్కీ సుల్తానుల ఒట్టోమాన్ సామ్రాజ్యంలో బాగ్దాద్, బస్రా, మోసుల్ అనే మూడు రాష్ట్రాలు. అరబ్బులు, కుర్దులు, తుర్క్‌మెన్లు, అసిరియన్ క్రైస్తవులు, యజీదీలు. ముస్లింలలో షియాలు, సున్నీలు. ఒక్కో కొండకు, ఒక్కో నదీతీరానికి ఒక్కో జనం.

1914 నవంబరులో బ్రిటిష్ సైన్యం బస్రా వైపు నుంచి దిగింది. ఆ సైన్యంలో ఎక్కువమంది భారతీయ సిపాయిలే. 1916లో కుట్ పట్టణంలో టర్కీ సైన్యం ముట్టడికి లొంగిపోయిన సుమారు 13 వేల మందిలోనూ ఎక్కువమంది మనవాళ్లే. వాళ్లలో చాలామంది బందీలుగా నడిచీ నడిచీ, ఆకలితో, రోగాలతో చనిపోయారు. 1917 మార్చిలో బ్రిటిష్ సైన్యం బాగ్దాద్‌లోకి వెళ్లింది. సేనాని జనరల్ మోడ్ పేరుతో ఒక ప్రకటన వెలువడింది. మేము జయించడానికి రాలేదు, మిమ్మల్ని విడిపించడానికి వచ్చాం అని దాని సారాంశం. ఈ మాటను గుర్తుపెట్టుకోండి. 86 ఏళ్ల తర్వాత మళ్లీ ఇదే మాట వినబడుతుంది.

విడిపించడానికి వచ్చినవాళ్లు వెళ్లలేదు. 1920లో నానాజాతి సమితి పేరు చెప్పి ఇరాక్‌ను మాండేట్ పాలన కింద ఉంచుకున్నారు. అదే ఏడు జనం తిరగబడ్డారు. యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న తెగలు ముందు నిలిచాయి. ఆ తిరుగుబాటును భారతదేశం నుంచి తెచ్చిన పటాలాలతోనూ, విమానాల నుంచి వేసిన బాంబులతోనూ అణచారు. బ్రిటిష్ కాగితాల్లో అది అల్లరి. ఇరాకీలకు మాత్రం అది 'ఇరవైల విప్లవం'. ఇది జరిగిన రెండేళ్లకే, 1922లో, మన మన్యంలో రంప పోరాటం మొదలైంది. దాన్ని కూడా కాగితాల మీద ఫితూరీ అనే రాశారు. రెండు చోట్లా రాసింది ఒకే సామ్రాజ్యం.

ఆ యుద్ధంలో చనిపోయినవారి కోసం బస్రాలో ఒక స్మారకం కట్టారు. 40 వేల మందికి పైగా చనిపోయినవారి జ్ఞాపకం అది. బ్రిటిష్ సైనికుల పేర్లను పేరుపేరునా చెక్కారు. భారతీయ సామాన్య సిపాయిలకు మాత్రం రాతి మీద పేర్లు లేవు. ఫలానా పటాలంలో ఇంతమంది అని అంకె ఉంది. చచ్చిపోవడంలో సమానమే, రాతలో మాత్రం ఒకరు పేరు, ఒకరు అంకె.

చమురు, సద్దాం, ఆంక్షలు

1927లో కిర్కుక్ దగ్గర పెద్ద చమురు నిల్వ బయటపడింది. 1932లో ఇరాక్‌కు స్వాతంత్ర్యం వచ్చినా చమురు విదేశీ కంపెనీల చేతిలోనే ఉండిపోయింది. 1958లో సైనికాధికారులు రాజును కూలదోశారు. 1968లో బాత్ పార్టీ అధికారంలోకి వచ్చింది. 1972లో చమురు కంపెనీని జాతీయం చేశారు. ఆ డబ్బుతో బడులు, ఆసుపత్రులు, రోడ్లు వచ్చిన మాట నిజం. 1979లో సద్దాం హుస్సేన్ అధ్యక్షుడయ్యాక ఆ రాజ్యం నోరెత్తినవాణ్ణి బతకనివ్వని రాజ్యంగా మారిన మాటా నిజమే.

సద్దాం మంచివాడని చెప్పడం మా ఉద్దేశం కాదు. 1980 నుంచి 1988 వరకు ఇరాన్‌తో యుద్ధం చేశాడు. 1988 మార్చిలో హలబ్జా అనే కుర్దుల ఊరి మీద విషవాయువు వేయించాడు. సుమారు 5 వేల మంది చనిపోయారు. కుర్దుల పల్లెలు వేలల్లో నేలమట్టమయ్యాయి. అయితే ఆ రోజుల్లో ఇరాన్ మీద కోపంతో సద్దాంకు సాయం చేసినవాటిలో అమెరికా, పశ్చిమ దేశాలు కూడా ఉన్నాయి. హలబ్జా అప్పుడు వాళ్లకు యుద్ధానికి కారణం కాలేదు. 15 ఏళ్ల తర్వాత అదే హలబ్జాను కారణాల్లో ఒకటిగా చూపించారు.

1990 ఆగస్టు 2న సద్దాం కువైట్‌ను ఆక్రమించాడు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అనుమతితో 1991లో అమెరికా నాయకత్వంలో సుమారు 35 దేశాల సంకీర్ణ సేనలు అతన్ని కువైట్ నుంచి తరిమాయి. ఆ యుద్ధానికీ 2003 యుద్ధానికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. మొదటిదానికి అనుమతి ఉంది, రెండోదానికి లేదు.

1991 యుద్ధం తర్వాత దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు తిరగబడ్డారు. తిరగబడండి అని బయటి నుంచి పిలుపిచ్చినవాళ్లు తీరా సమయానికి ఆదుకోలేదు. సద్దాం వాళ్లను ఊచకోత కోశాడు. ఆ తర్వాత 12 ఏళ్లు ఆంక్షలు. మందులకు, గింజలకు, నీటి శుద్ధి యంత్రాలకు కటకట. రాజు భవనాల్లో మాత్రం ఏ లోటూ రాలేదు. ఆంక్షల బరువు మోసింది మామూలు జనమే.

చెప్పిన కారణాలు

2001 సెప్టెంబరు 11న అల్‌ఖైదా ముఠా అమెరికాలో విమానాలతో దాడి చేసి సుమారు 3 వేల మందిని చంపింది. దాడి చేసిన 19 మందిలో 15 మంది సౌదీ అరేబియావాళ్లు. ఒక్కడు కూడా ఇరాకీ కాదు. అయినా ఏడాది తిరగకముందే అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ప్రభుత్వం చూపు ఇరాక్ మీదికి మళ్లింది. మూడు కారణాలు చెప్పారు.

ఒకటి, సద్దాం దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయి: రసాయన ఆయుధాలు, రోగక్రిములు, అణుబాంబు తయారీ ప్రయత్నం. రెండు, అతనికి అల్‌ఖైదాతో సంబంధం ఉంది. మూడు, ఇరాక్ ప్రజలకు స్వేచ్ఛ ఇవ్వాలి. దండయాత్రకు అమెరికా పెట్టుకున్న పేరు కూడా 'ఇరాకీ స్వేచ్ఛ'యే.

2002 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ ప్రభుత్వం ఒక పత్రం విడుదల చేసింది. ఆజ్ఞ ఇచ్చిన 45 నిమిషాల్లో సద్దాం ఆ ఆయుధాలను వాడగలడని అందులో రాశారు. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో బొమ్మలు, టేపులు చూపించి, లారీల మీద తిరిగే రోగక్రిముల ప్రయోగశాలలు ఉన్నాయన్నారు.

ఆ లారీల కథ ఎక్కడిది? జర్మనీలో ఆశ్రయం కోరిన ఒక ఇరాకీ చెప్పినది. గూఢచారులు అతనికి 'కర్వ్‌బాల్' అని మారుపేరు పెట్టుకున్నారు. తాను కల్పించి చెప్పానని 2011లో అతనే ఒప్పుకున్నాడు. ఆఫ్రికాలోని నైజర్ నుంచి ఇరాక్ యురేనియం కొనబోయిందని చెప్పే పత్రాలు నకిలీవని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి మొహమ్మద్ ఎల్‌బరాదీ యుద్ధానికి ముందే, 2003 మార్చి 7న, భద్రతా మండలికి చెప్పాడు. ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీ బృందం నాయకుడు హాన్స్ బ్లిక్స్ తమకు ఇంకొన్ని నెలలు సమయం కావాలన్నాడు. ఆ సమయం ఇవ్వలేదు.

చెప్పని కారణాలు

ఒక యుద్ధానికి ఒక్కటే కారణం ఉండదు. చమురు కోసమే చేశారని కొట్టిపారేయడం తేలిక. కానీ అది పూర్తి జవాబు కాదు. ప్రపంచంలో పెద్ద చమురు నిల్వలున్న దేశాల్లో ఇరాక్ ఒకటి కాకపోతే, దాని మీద అంత శ్రద్ధ ఉండేది కాదన్నది మాత్రం కాదనలేం. బాగ్దాద్ పడిపోయిన రోజుల్లో అమెరికా సైనికులు చమురు మంత్రిత్వ శాఖ భవనానికి కాపలా కాశారు. జాతీయ మ్యూజియానికి మాత్రం కాపలా లేకపోయింది.

చమురుతో పాటు ఇంకొన్ని ఉన్నాయి. సెప్టెంబరు దాడి తర్వాత అమెరికా జనంలో నిండిన భయం ఒకటి. ప్రమాదం రాకముందే కొట్టవచ్చు అనే కొత్త సిద్ధాంతం రెండోది. 2002లో అమెరికా దాన్ని తన అధికారిక విధానంగా ప్రకటించుకుంది. బలాన్ని చూపిస్తే పశ్చిమాసియా అంతా తమ దారికి వస్తుందన్న నమ్మకం మూడోది. దేశం విడిచిపోయి, తిరిగొచ్చి పదవులు పొందాలనుకున్న ఇరాకీ నాయకులు, జనం మీకు పూలతో స్వాగతం పలుకుతారని చెప్పడం నాలుగోది. ముందే నిర్ణయం చేసుకున్నవాళ్లు తమకు కావలసిన సాక్ష్యాన్నే ఏరుకున్నారు, మిగిలినదాన్ని పక్కన పెట్టారు. మన ఊళ్లో పంచాయితీలోనైనా ఇలాంటి తీర్పు నిలుస్తుందా?

కూటమిలో ఎవరున్నారు?

పత్రికలు 'సంకీర్ణ సేనలు' అని రాశాయి. మద్దతిచ్చిన దేశాలంటూ అమెరికా చూపిన జాబితాలో నలభైకి పైగా పేర్లున్నాయి. కానీ మొదటి దాడిలో సైన్యంతో దిగినవి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, పోలాండ్. అందులోనూ అత్యధిక భాగం అమెరికాదే, తర్వాత బ్రిటన్‌వి 45 వేల మంది దాకా, ఆస్ట్రేలియావి 2 వేలు. జాబితాలో పలావ్, మైక్రోనేషియా, ఐస్‌లాండ్, కోస్టారికా వంటి సొంత సైన్యమే లేని దేశాలూ ఉన్నాయి. కోస్టారికా రాజ్యాంగ న్యాయస్థానం ఇది మన రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పడంతో ఆ దేశం 2004లో తన పేరు తీసేయమంది.

కాదన్నవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్స్, జర్మనీ, రష్యా వ్యతిరేకించాయి. తమ నేల మీద నుంచి అమెరికా సైన్యం వెళ్లడానికి టర్కీ పార్లమెంటు ఒప్పుకోలేదు. 2003 ఫిబ్రవరి 15న ప్రపంచంలో వందలాది నగరాల్లో లక్షలాది జనం వీధుల్లోకి వచ్చి యుద్ధం వద్దన్నారు. బ్రిటన్ మంత్రి రాబిన్ కుక్ పదవి వదులుకున్నాడు. మార్చి 18న బ్రిటిష్ పార్లమెంటులో 412 మంది యుద్ధానికి ఓటేస్తే 149 మంది వ్యతిరేకించారు. అందుచేత "బ్రిటన్ చేసింది", "అమెరికా చేసింది" అని చెప్పేటప్పుడు ఆ దేశాల ప్రజలంతా ఒకటి కాదని పిల్లలకు చెప్పాలి.

మూడు వారాల గెలుపు

2003 మార్చి 20న దాడి మొదలైంది. ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. మే 1న బుష్ ఒక యుద్ధనౌక మీద నిలబడి పెద్ద యుద్ధం ముగిసిందని ప్రకటించాడు. వెనక 'పని పూర్తయింది' అన్న అర్థంతో బ్యానర్ కట్టారు. నిజానికి ఇరాక్ కష్టం అప్పుడే మొదలైంది.

జాతీయ మ్యూజియం నుంచి సుమారు 15 వేల వస్తువులు దోపిడీ అయ్యాయి. తర్వాత కొన్ని వేలు తిరిగొచ్చాయి, చాలా రాలేదు. జాతీయ గ్రంథాలయం తగలబడింది. మే నెలలో అమెరికా నియమించిన పాలనాధికారి పాల్ బ్రెమర్ రెండు ఆజ్ఞలు ఇచ్చాడు. మొదటి ఆజ్ఞతో బాత్ పార్టీలో పై స్థాయి సభ్యులందరినీ ఉద్యోగాల నుంచి తీసేశారు. ఉద్యోగం కోసం పార్టీలో చేరక తప్పని ఉపాధ్యాయులు, వైద్యులు కూడా అందులో ఉన్నారు. రెండో ఆజ్ఞతో ఇరాక్ సైన్యాన్నే రద్దు చేశారు. లక్షలాది మంది ఆయుధం పట్టడం తెలిసిన మగవాళ్లు ఒక్క రోజులో జీతం, గౌరవం రెండూ పోగొట్టుకుని ఇంటికెళ్లారు. వాళ్లలో కొందరు మళ్లీ తుపాకీతో బయటికొచ్చారు.

2003 ఆగస్టులో బాగ్దాద్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయం మీద బాంబు దాడిలో ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లోతో సహా 22 మంది చనిపోయారు. 2004లో అబూ గ్రైబ్ జైలు ఫొటోలు బయటపడ్డాయి. ఒకప్పుడు సద్దాం చిత్రహింసలు పెట్టిన జైలులోనే, విడిపించడానికి వచ్చిన సైనికులు బందీలను హింసించి, అవమానించి, నవ్వుతూ ఫొటోలు దిగారు. అదే ఏడాది ఫల్లూజా నగరం రెండుసార్లు యుద్ధభూమి అయింది. 2006 ఫిబ్రవరిలో సమర్రాలో షియాల పవిత్ర మసీదును పేల్చేశాక షియాలు, సున్నీలు వీధుల్లో ఒకరినొకరు చంపుకునే దాకా వెళ్లింది. 2007 నాటికి ఇళ్లు వదిలినవాళ్లు 40 లక్షలు దాటారు.

ఆయుధాల సంగతి? వెతకడానికి అమెరికాయే వేసిన ఇరాక్ సర్వే బృందం 2004లో, అలాంటి నిల్వలేవీ లేవని నివేదిక ఇచ్చింది. అల్‌ఖైదాతో కలిసి పనిచేసిన సంబంధమూ లేదని అమెరికా సొంత విచారణ సంఘం అదే ఏడు తేల్చింది. ఆ యుద్ధం సమితి నిబంధనలకు విరుద్ధమని అప్పటి సెక్రటరీ జనరల్ కోఫీ అన్నన్ 2004లో అన్నాడు. బ్రిటన్‌లో సర్ జాన్ చిల్కాట్ సంఘం ఏడేళ్లు విచారించి 2016 జులైలో 12 సంపుటాల నివేదిక ఇచ్చింది. శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారని, ఆయుధాల గురించి లేని నిశ్చయాన్ని ఉన్నట్టు చెప్పారని, తర్వాతి రోజుల కోసం చేసిన ఏర్పాట్లు ఏమాత్రం చాలవని అది స్పష్టం చేసింది. ఇంత తేలాక కూడా, ఆ నిర్ణయం చేసిన దేశాధినేతల్లో ఎవరూ ఏ కోర్టు బోనులోనూ నిలబడలేదు.

చిత్తడి నేలల జనం

ఇరాక్ దక్షిణాన రెండు నదులు కలిసే చోట పెద్ద చిత్తడి నేలలు ఉన్నాయి. అక్కడి మాదాన్ జనం నీళ్ల మీద రెల్లు దిమ్మెలు పేర్చి, రెల్లుతోనే ఇళ్లు కట్టుకుని, గేదెలు మేపుకుని, చేపలు పట్టుకుని తరతరాలుగా బతికారు. పట్టణంవాళ్లు వాళ్లను వెనకబడినవాళ్లనేవారు. ఆ చూపు మనకు కొత్త కాదు.

1991 తిరుగుబాటుదారులు ఆ రెల్లులో దాక్కున్నారని సద్దాం ప్రభుత్వం కాలువలు తవ్వి, గట్లు వేసి నీళ్లను మళ్లించింది. దాదాపు 90 శాతం చిత్తడి ఎండిపోయింది. లక్షల్లో ఉన్న జనం చెదిరిపోయారు. దీన్ని పేపర్ల మీద అభివృద్ధి పథకమనే రాశారు. 2003లో సద్దాం పడిపోగానే ఆ జనం ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా పారలు పట్టుకుని గట్లు తెంపారు. నీళ్లు తిరిగొచ్చాయి, రెల్లు మొలిచింది, కొందరు గేదెలు తోలుకుని వెనక్కి వచ్చారు. 2016లో యునెస్కో ఆ నేలలను ప్రపంచ వారసత్వంలో చేర్చింది.

కాబట్టి దండయాత్రలో మంచి ఏమీ జరగలేదని చెబితే అది ఆ జనానికి అన్యాయం. నియంత పోయాడు. 2005 రాజ్యాంగం అరబిక్‌తో పాటు కుర్దిష్‌ను అధికార భాష చేసింది; తుర్క్‌మెన్, సిరియాక్, ఆర్మీనియన్ పిల్లలు తల్లిభాషలో చదువుకునే హక్కు రాసింది. కోయ, గోండి, కువి, సవర భాషల్లో చదువు కోసం అడుగుతున్న మనకు ఆ వాక్యం విలువ తెలుసు. కానీ చిత్తడి నేలల జనం ఆనందం కూడా నిలవలేదు. ఎగువన టర్కీ, సిరియా, ఇరాన్ కట్టిన డ్యాములు, కరువు, పాలన చేతగానితనం కలిసి ఆ నేలలను మళ్లీ ఎండబెడుతున్నాయి. జెండా మారినా నీటి మీద నిర్ణయం వాళ్ల చేతికి రాలేదు.

సింజార్ కొండ

ఉత్తరాన సింజార్ కొండ చుట్టూ యజీదీలు ఉంటారు. వాళ్ల మతం గ్రంథాల కంటే నోటి పాటల్లో, కథల్లో బతికింది. అర్థం చేసుకోని ఇరుగుపొరుగు వాళ్లను దయ్యాన్ని కొలిచేవాళ్లని శతాబ్దాలుగా నిందించారు. 1970లలో బాత్ ప్రభుత్వం కొండ మీది వాళ్ల ఊళ్లను కూల్చి కింద మైదానంలో వరసగా కట్టిన కాలనీల్లోకి దించింది. కొండ దిగిన ఊరికి కాపు ఉండదు.

2004లో ఇరాక్‌లో అల్‌ఖైదా కొమ్మ ఒకటి మొలిచింది. దండయాత్రకు ముందు లేని ఆ కొమ్మ, సైన్యం రద్దుతో రోడ్డున పడ్డ అధికారులతో, అమెరికా జైళ్లలో పరిచయమైన ఖైదీలతో బలపడింది. తర్వాత దాని నాయకుడైన అబూ బకర్ అల్ బాగ్దాదీ కూడా 2004లో అమెరికా నడిపిన బుక్కా శిబిరంలో ఉన్నవాడే. 2011 చివర్లో అమెరికా సైన్యం వెళ్లిపోయింది. బాగ్దాద్ ప్రభుత్వం సున్నీలను దూరం పెట్టడం, పక్కన సిరియాలో యుద్ధం ఆ ముఠాకు కలిసొచ్చాయి. ఐసిస్ పేరుతో 2014 జూన్‌లో మోసుల్‌ను పట్టుకుంది. ఆగస్టు 3న సింజార్ మీద పడింది. వేలాది యజీదీ మగవాళ్లను చంపింది, వేలాది ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా అమ్మింది. వేలమంది కొండెక్కి నీళ్లు లేక అల్లాడారు. ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2016లో దీన్ని జాతి నిర్మూలనగా తేల్చింది. కోచో ఊరి ఆడపిల్ల నాదియా మురాద్ ఆ చెర నుంచి తప్పించుకుని ప్రపంచం ముందు నోరు విప్పింది. 2018లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఈ దారుణానికి చేతులు ఐసిస్‌వే. కానీ ఆ చేతులు పెరిగిన నేలను ఎవరు దున్నిపెట్టారో కూడా చరిత్ర అడగాలి. ఎవరి పేరు చెప్పి యుద్ధం చేసినా, చివరికి దెబ్బ తగిలింది సైన్యం, పార్టీ, చమురు ఏవీ లేని చిన్న జనాలకే.

మన దేశం, మన జనం

2003 ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఈ యుద్ధంపై తీర్మానం చేసింది. హిందీలో 'నింద' అనే మాట వాడారు. దాన్ని గట్టిగా ఖండించడమనీ చదవొచ్చు, విచారం తెలపడమనీ చదవొచ్చు. అమెరికాకు కోపం రాకుండా, ప్రతిపక్షాన్ని నొప్పించకుండా దొరికిన మాట అది. భాష మీద పనిచేసే మనం ఇలాంటి మాటలను జాగ్రత్తగా చూడాలి. జులైలో వాజపేయి ప్రభుత్వం, సమితి ఆదేశం లేకుండా ఇరాక్‌కు సైన్యం పంపబోమని చెప్పింది. బస్రా స్మారకం మీద ఇంకొన్ని అంకెలు చేరకుండా ఆపిన నిర్ణయం అది.

గల్ఫ్ మనకు అంత దూరమూ కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి, కూలికి, డ్రైవర్లుగా వెళ్లినవాళ్లు ఎంతోమంది. 1990లో కువైట్ ఆక్రమణప్పుడు చిక్కుకుపోయిన సుమారు 1 లక్షా 70 వేల మంది భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. 2014లో మోసుల్‌లో ఐసిస్ చేతికి చిక్కిన 39 మంది భారతీయ కూలీలు పంజాబ్, హిమాచల్, బీహార్, బెంగాల్ వాళ్లు. వాళ్లు చనిపోయారని కుటుంబాలకు తెలిసింది 2018లో. నాలుగేళ్లు ఆ ఇళ్లలో ఆడవాళ్లు బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తెలియక బతికారు. యుద్ధం దూరంగా జరుగుతుందని ఎవరన్నా అంటే ఈ సంగతి చెప్పండి.

ఎంతమంది?

చనిపోయిన అమెరికా సైనికులు సుమారు 4,500 మంది. బ్రిటిష్ సైనికులు 179 మంది. వాళ్ల పేరు, ఊరు, వయసు అన్నీ రాసి ఉన్నాయి. ఉండాలి కూడా, వాళ్లూ పేద తల్లుల పిల్లలే. మరి ఇరాకీలు? ఆక్రమించిన సైన్యాలు జనానికి చెప్పే లెక్క ఏదీ ఉంచలేదు. వార్తలు, ఆసుపత్రుల రికార్డులు పోగుచేసినవాళ్లు 2011 నాటికి చనిపోయిన పౌరులు లక్షకు పైగా అన్నారు. ఇంటింటి సర్వేలు చేసిన పరిశోధకులు కొన్ని లక్షలన్నారు. ఏది సరి అన్నదానిపై ఇప్పటికీ వాదం ఉంది. లక్షలకు లక్షలు తేడా రావడమే ఒక సాక్ష్యం. లెక్కించాల్సిన మనుషులుగా వాళ్లను ఎవరూ చూడలేదని అర్థం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ పాఠం చెప్పాక పిల్లలతో తేదీలు బట్టీ పట్టించవద్దు. ఐదు ప్రశ్నలు అడిగించండి. ఈ పనికి వాళ్లు చెప్పిన కారణం ఏమిటి? దానికి సాక్ష్యం ఎవరు తెచ్చారు? కాదన్నవాళ్లు ఏమన్నారు, వాళ్ల మాట ఎందుకు వినలేదు? అక్కడ బతికే జనాన్ని అడిగారా? నష్టపోయినవాళ్ల పేర్లు ఎక్కడైనా రాశారా? ఈ ఐదూ ఇరాక్‌కే కాదు. డ్యాముకైనా, గనికైనా, పులుల అభయారణ్యానికైనా, మన పేరు మీద, మన మేలు కోరి చేస్తున్నామని చెప్పే ఏ పనికైనా సరిపోతాయి. అలాగే మన పేరు మీద తుపాకీ పట్టే ఎవరికైనా సరిపోతాయి.

యువతకు ఒక పని. సెలవులకు గూడెం వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకెళ్లండి. ముంపులో, కాల్పుల్లో, వలసలో, జ్వరాల్లో పోయి, ఏదో ఒక కాగితంలో అంకెగా మిగిలినవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. ముసలివాళ్లను అడిగి వాళ్ల పేర్లు, ఇంటిపేర్లు, గోత్రాలు రాయండి. మీ భాషలో రాయండి, లిపి ఏదైనా పర్లేదు.